మెగస్తనీసు ఖాతాలో పడ్డ ముప్పై పట్టణాలు

"ఆంధ్రులకు 30 కోటలు, లక్ష కాల్బలం, 2,000 గుర్రాలు, 1,000 ఏనుగులు ఉన్నాయని మెగస్తనీసు తన ఇండికాలో రాశాడు." గ్రూప్స్‌కి చదివినవాళ్లకు ఈ వాక్యం నిద్రలో లేపి అడిగినా వచ్చేస్తుంది. బిట్ బ్యాంకుల్లో ఉంటుంది, కోచింగ్ నోట్సుల్లో ఉంటుంది, ఉపన్యాసాల్లో వినిపిస్తుంది. చిక్కల్లా ఒక్కటే. మెగస్తనీసు అనే గ్రీకు రాయబారి రాసిన ఇండికా ఇవాళ ప్రపంచంలో ఏ గ్రంథాలయంలోనూ లేదు. ఎప్పుడో పోయింది.

మరి ఆ అంకెలు ఎక్కడివి? ప్లినీ అనే రోమనుడు లాటిన్‌లో రాసిన ప్రకృతి చరిత్రలోవి. అది 37 భాగాల పుస్తకం. క్రీ.శ. 77లో రాకుమారుడు టైటస్‌కు అంకితమిచ్చాడు, రెండేళ్లకు వెసూవియస్ అగ్నిపర్వతం పేలినప్పుడు చనిపోయాడు. ఆరో భాగం 67వ ఖండికలో ఉంది మన సంగతి. "అందరే" (ఆంధ్రులేనని పండితులు పోల్చుకున్న పేరు) అనే బలమైన జాతి, లెక్కలేనన్ని పల్లెలు, గోడలూ బురుజులూ ఉన్న 30 పట్టణాలు, రాజుకు లక్షమంది కాల్బలం, 2,000 మంది రౌతులు, 1,000 ఏనుగులు. ఆ వెంటనే బంగారం ఎవరి దగ్గర ఎక్కువ, వెండి ఎవరి దగ్గర ఎక్కువ అని మరో రెండు జాతుల మీదకు వెళ్లిపోతాడు. ఈ ఖండికలో మెగస్తనీసు పేరు లేదు.

పేరు కాస్త ముందు వస్తుంది, 58వ ఖండికలో. మెగస్తనీసు, డయోనీసియస్ వంటి గ్రీకులు భారతదేశపు రాజుల దగ్గర ఉండి అక్కడి జాతుల బలగాల గురించి కూడా రాశారని ప్లినీ అంటాడు. అని ఊరుకోడు. వీళ్లు చెప్పేవాటికి ఒకదానితో ఒకటి పొంతన లేదు, నమ్మేలా లేవు, కాబట్టి ఇక్కడ కచ్చితత్వానికి చోటు లేదు అని తనే ఒప్పుకుంటాడు. అంటే మన అంకెలు మెగస్తనీసువి కావచ్చు, డయోనీసియస్‌వి కావచ్చు, ఆ తర్వాత ఇంకెవరివైనా కావచ్చు. ఇది పట్టింపు కోసం పట్టింపు కాదు. మెగస్తనీసు వచ్చింది చంద్రగుప్త మౌర్యుడి దగ్గరికి, క్రీ.పూ. 300 ప్రాంతంలో. ఆయన మాటైతే ఆ 30 పట్టణాలు మౌర్యుల నాటివి. తర్వాతి వాళ్ల మాటైతే వందేళ్లో, రెండువందల ఏళ్లో ఇటు జరుగుతాయి. శాతవాహనులకు ముందు ఆంధ్రుల బలం ఎంత అనే ప్రశ్నకు జవాబు మొత్తం దీని మీదే ఆధారపడి ఉంది.

మెగస్తనీసు ఖాతాలోకి ఇది చేరిన దారి కూడా తెలిసిందే. 1846లో ష్వాన్‌బెక్ అనే జర్మన్ పండితుడు, పాత గ్రీకు, లాటిన్ రచయితలు మెగస్తనీసు నుంచి తీసుకున్నవి అనిపించిన భాగాలన్నీ ఏరి ఒకచోట కూర్చాడు. ప్లినీ ఇచ్చిన జాతుల జాబితానూ అందులో చేర్చాడు. 1877లో మెక్రిండిల్ దాన్ని ఇంగ్లీషు చేశాడు. మన చరిత్రకారుల చేతికి అందింది ఆ ఇంగ్లీషు పుస్తకం. ఆ సంకలనంలో ప్రతి ముక్క నెత్తినా అది ఎవరి పుస్తకంలోంచి తీసిందో రాసే ఉంటుంది. మనవాళ్లు కింది విషయం ఎత్తి రాసుకున్నారు, పైన ఉన్న పేరు వదిలేశారు.

అంకెల గురించి ఇంకో మాట. లాటిన్ రాతప్రతుల్లో లక్షను "సి" అక్షరం మీద అడ్డగీత పెట్టి రాస్తారు. గీత లేకపోతే అది ఉత్త వంద. నకలు రాసేవాడి కలం ఆ గీత దగ్గర జారితే లక్ష సైన్యం వందమందవుతుంది, లేని గీత పడితే వంద లక్షవుతుంది. ప్రాచీన గ్రంథాల్లో అన్నిటికంటే త్వరగా చెడేవి అంకెలూ, ఊళ్ల పేర్లే. కథ చెడితే చదివేవాడికి అనుమానం వస్తుంది, అంకె చెడితే రాదు కదా.

అందుకే పాత పుస్తకం చేతికి తీసుకున్నప్పుడు "ఇందులో ఏముంది" కంటే ముందు "ఇది మన దాకా ఎలా వచ్చింది" అని అడగాలి. పూర్తిగా నకలు అవుతూ వచ్చిందా? వేరేవాళ్ల పుస్తకాల్లో ముక్కలుగా మిగిలిందా? మట్టిలోంచి విరిగిన పలకలుగా బయటపడిందా? చేతులు మారిన కొద్దీ పెరిగిందా? ఒక్కోదాన్నీ ఒక్కోలా చదవాలి.

ముక్కలుగా మిగిలినవాటి సంగతి ముందు. మెగస్తనీసే మంచి ఉదాహరణ. భారతీయులు ఏడు వర్గాలని ఆయన చెప్పిన మాట తర్వాతి గ్రీకు రచయితలు ముగ్గురి దగ్గర మిగిలింది: డయోడోరస్ 2.40–41, స్ట్రాబో 15.1.39–41, 46–49, అరియన్ ఇండికా 11–12. తత్వవేత్తలు, రైతులు, పశుపాలకులు, వృత్తిపనివాళ్లు, సైనికులు, పర్యవేక్షకులు, మంత్రాంగం చేసేవాళ్లు. ఏడూ ముగ్గురి దగ్గరా ఉన్నాయి. ఇప్పుడు రైతు కట్టే పన్ను దగ్గరికి రండి. భూమంతా రాజుదే, రైతులు దానికి కౌలు కడతారు, అది కాక పంటలో నాలుగో వంతు ఖజానాకు కడతారు అంటాడు డయోడోరస్. భూమంతా రాజుదేనని స్ట్రాబో కూడా అంటాడు కానీ, రైతులు పంటలో నాలుగో వంతు కూలి కింద తీసుకుని దున్నుతారు అన్నట్టు ఉంటుంది ఆయన వాక్యం. అరియన్ ఈ గొడవంతా వదిలేసి, రాజులకూ స్వయంపాలన ఉన్న పట్టణాలకూ పన్ను కడతారని తేల్చేస్తాడు. మూల పుస్తకం ఒక్కటే, రైతు చేతికి మిగిలేది మాత్రం ముగ్గురి లెక్కలో మూడు రకాలు.

ఇలాంటివి చదివేటప్పుడు కాగితాన్ని మూడు నిలువు గడులుగా మడిచి, ఒక్కో గడిలో ఒక్కొక్కరి మాట పెన్సిల్‌తో రాసుకోవడమే దారి. ముగ్గురిలోనూ కలిసేది మూలంలో ఉండే అవకాశం ఎక్కువ. ఒక్కడి దగ్గరే ఉన్నది వాడి సొంతం కావచ్చు. ఇంకో మెలిక: డయోడోరస్ ఈ భాగంలో మెగస్తనీసు పేరు ఎత్తడు. మిగతా ఇద్దరితో కలుస్తోంది కాబట్టి అక్కణ్నుంచే తీసుకున్నాడని మనం పోల్చుకుంటున్నాం, అంతే. ఇద్దరు పేరు చెప్పి, మూడోవాడు చెప్పకుండా, అదే మాట అన్నారంటే ఆ పోల్చుకోవడానికి బలం ఉంది. ప్లినీ ఆంధ్రుల అంకెలకు అలా తోడు పలికే రెండో గొంతు లేదు.

ఇక మట్టి పలకలు. ఇప్పటి ఇరాక్ ప్రాంతంలో పుట్టిన ప్రాచీన కావ్యం గిల్గమేష్ కథ చదవాలనుకునే తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు. ప్రళయం కథ మన మత్స్యావతారాన్ని గుర్తుచేస్తుంది కాబట్టి అక్కడ ఆసక్తి మొదలవుతుంది. 1872 డిసెంబరు 3న లండన్‌లో జార్జ్ స్మిత్ ఈ ప్రళయ కథ చదివి వినిపించాడు. అది పదకొండో పలక. పలకలు దొరికింది అస్సీరియా రాజధాని నినెవేలో, అసుర్‌బనిపాల్ రాజు గ్రంథాలయంలో. క్రీ.పూ. 612లో శత్రువులు ఆ నగరాన్ని తగలబెట్టారు. తాటాకు, పపైరస్ అయితే బూడిదయ్యేవి. మట్టి పలకలు మంటల్లో ఇటుకల్లా గట్టిపడ్డాయి. పుస్తకాన్ని నిప్పు కాపాడిన సందర్భాలు లోకంలో ఎన్నో ఉండవు.

అయితే కాలి గట్టిపడ్డవి కూడా గోడలు మీద పడితే విరుగుతాయి. పన్నెండు పలకల ఈ కావ్యంలో ఇప్పటికీ ఖాళీలు చాలా ఉన్నాయి. మంచి అనువాదం ఆ ఖాళీలను దాచదు. చదరపు కుండలీకరణాల్లో ఉన్నది పలక మీద లేనిది, పండితుడు ఇంకో ప్రతిని బట్టో సందర్భాన్ని బట్టో పూరించినది. వరస చుక్కలు ఉంటే అక్కడ ముక్క లేదు. వాలు అక్షరాలు ఉంటే ఆ అర్థం మీద అనువాదకుడికే పూర్తి నమ్మకం లేదు. ఏ గుర్తు దేనికో పుస్తకం మొదట్లో ఒక పేజీలో చెబుతారు. ఆ పేజీ దాటేసి కథలోకి దూకడం అందరూ చేసే మొదటి తప్పు. అచ్చు తప్పులనుకుని కుండలీకరణాలను కళ్లతో తుడిచేసి చదివితే, మూడు వేల ఏళ్ల నాటి కవి మాటకూ ఇరవయ్యో శతాబ్దపు ఆచార్యుడి ఊహకూ తేడా పోతుంది. ఎక్కడా ఒక్క చుక్క గానీ కుండలీకరణం గానీ లేకుండా గిల్గమేష్ సాఫీగా సాగిపోతోందంటే, అది అనువాదం కాదు, ఎవరో తిరగరాసిన కథ. చదవొద్దని కాదు. రెండోదిగా చదవండి.

అచ్చయిన సంవత్సరం కూడా చూడాలి. దేవదారు వనంలో గిల్గమేష్, ఎంకిడు అనే ఇద్దరు మిత్రులు ఆ వనానికి కాపలా కాసే రాక్షసుడు హుంబాబాను చంపే ఐదో పలక చాలాకాలం చిల్లులతోనే ఉండేది. ఇరాక్‌లోని సులేమానియా మ్యూజియం 2011లో కొన్న ఒక పలక 2014లో ప్రచురితమయ్యాక ఆ చిల్లులు కొన్ని పూడాయి. అడవిలో పక్షుల కూతలు, కీచురాళ్ల రొద, హుంబాబా కొలువులో మేళంలా మోగే కోతుల గోల, ఇవన్నీ అందులోంచి వచ్చినవే. చంపిన తర్వాత ఎంకిడు పడే బాధ కూడా. రాక్షసుణ్ని వీరులు చంపిన కథ, అడవిని పాడుచేశామని బాధపడే కథగా మారింది. 2014కి ముందు అచ్చయిన పాత పుస్తకం తక్కువ ధరకు దొరికిందని కొంటే ఈ భాగం ఉండదు.

కొటేషన్ల గొడవ ఇంకోటి. "కడుపు నిండా తిను, రాత్రీ పగలూ ఆడిపాడు, నీ చెయ్యి పట్టుకున్న బిడ్డను చూసుకో" అని కల్లు అమ్మే సిదూరి గిల్గమేష్‌కు చెప్పే మాటలు ఈ కావ్యం మొత్తంలో ఎక్కువగా తిరిగేవి. పన్నెండు పలకల పాఠంలో వెతికితే అవి కనబడవు. అంతకంటే చాలా పాతదైన, పాత బాబిలోనియా కాలపు పలకలో ఉన్నాయి. తర్వాతి పాఠంలో ఆ సలహా లేదు. కొందరు అనువాదకులు రెంటినీ కలిపి ఒకే కథగా కుడతారు, కొందరు పాత పలకలను పుస్తకం చివర వేరుగా పెడతారు. రెండో పద్ధతే నిజాయితీ. పన్నెండో పలక కూడా ఇలాంటిదే. ఏడో పలకలో చచ్చిపోయిన ఎంకిడు అందులో మళ్లీ బతికి ఉంటాడు. అది ఒక సుమేరియన్ కావ్యంలోని భాగాన్ని అనువదించి చివర తగిలించినది. కథ ముగింపు కోసం వెతుకుతూ దాన్ని చదివితే బుర్ర తిరుగుతుంది. పదకొండో పలక చివర, గిల్గమేష్ నగరం ఉరుక్ కోటగోడల దగ్గర ఆగండి.

ఇలియడ్, ఒడిస్సీ చెప్పిన గ్రీకు కవి హోమర్ విషయంలో చిక్కు పూర్తిగా వేరు. అక్కడ ఖాళీల బెడద లేదు, నిడివే బెడద. ఇలియడ్‌లో 15,693 పంక్తులు, 24 భాగాలు. ట్రాయ్ యుద్ధం కథంతా ఉంటుందనుకుని మొదలుపెట్టి, చెక్కగుర్రం ఎప్పుడొస్తుందా అని చివరిదాకా ఎదురుచూసి ఉసూరుమనేవాళ్లే ఎక్కువ. చెక్కగుర్రం ఇందులో రాదు. అఖిలీస్ చావూ రాదు. పదేళ్ల యుద్ధంలో పదో ఏడు, ఓ యాభై రోజుల ముచ్చట ఇది. గ్రీకు వీరుడు అఖిలీస్ అలకతో మొదలై ట్రాయ్ రాకుమారుడు హెక్టర్ అంత్యక్రియలతో ముగుస్తుంది. గుర్రం కావాలంటే ఒడిస్సీ ఎనిమిదో భాగంలో గాయకుడు పాడతాడు, విస్తారంగా కావాలంటే వర్జిల్ లాటిన్ కావ్యం ఈనియడ్ రెండో భాగం చూడాలి.

చాలామంది ఆగిపోయేది రెండో భాగంలో. అక్కడ ఓడల జాబితా ఉంది, 494వ పంక్తి నుంచి 759 దాకా. 29 దళాలు, వాటి నాయకులు, ఊళ్లు, ఓడల లెక్క, మొత్తం 1,186 ఓడలు. మొదటిసారి చదివేవాళ్లు నిస్సంకోచంగా దాటేయండి. రెండోసారికి పటం పక్కన పెట్టుకుని చదివితే అదే భాగం రుచిస్తుంది. మొత్తం చదివే ఓపిక ఉందో లేదో తెలియనివాళ్లు 1, 6, 9, 16, 18, 22, 24 భాగాలు ముందు చదవండి. అలక, హెక్టర్ ఇల్లాలికి వీడ్కోలు, రాయబారం, అఖిలీస్ మిత్రుడు పెట్రోక్లస్ చావు, కొత్త డాలు, హెక్టర్ చావు, కొడుకు శవం కోసం ముసలి ప్రయమ్ రావడం. కథ ఎక్కడా తెగదు.

పేర్ల దగ్గర మాత్రం తెలుగు పాఠకుడికి ఒక సౌకర్యం ఉంది. ఒకే మనిషిని అఖిలీస్ అనీ, పెలీదెస్ అనీ అంటుంటే ఇంగ్లీషు పాఠకుడు తికమకపడతాడు. పెలీదెస్ అంటే పెలియస్ కొడుకు. దాశరథి, కౌంతేయుడు, రాధేయుడు వింటూ పెరిగినవాళ్లకు ఇది కొత్తేం కాదు. గ్రీకులను ఎకియన్లు, దనయన్లు, ఆర్గైవులు అని మూడు పేర్లతో పిలుస్తాడు, ట్రాయ్‌నే ఇలియన్ అంటాడు, పారిస్‌నే అలెగ్జాండ్రోస్ అంటాడు. ఈ నాలుగు ముక్కలు పుస్తకం అట్ట లోపల రాసుకుంటే చాలు. "వడిగల కాళ్ల అఖిలీస్" కూర్చుని ఉన్నప్పుడు కూడా వడిగల కాళ్లవాడేనేం అని విసుక్కోకండి. ఆశువుగా పాడే గాయకుడికి పంక్తి నింపుకోవడానికి అలాంటి కట్టు పదాలు కావాలి. 1930లలో మిల్‌మన్ ప్యారీ యుగోస్లావియా పల్లెల్లో పాటగాళ్లను రికార్డు చేసి ఈ సంగతికి రుజువు చూపించాడు. బుర్రకథ విన్న చెవులకు దీనికి వేరే రుజువు అక్కర్లేదనుకోండి.

అనువాదం ఎంచుకునేటప్పుడు సమీక్షలు నమ్ముకోకుండా ఒక చిన్న పరీక్ష పెట్టండి. ఆరో భాగంలో 429, 430 పంక్తులు తీయండి. హెక్టర్ భార్య ఆండ్రొమకి అంటుంది: హెక్టర్, నాకు నాన్నవీ నువ్వే, అమ్మవీ నువ్వే, తోడబుట్టినవాడివీ నువ్వే, నా పెనిమిటివీ నువ్వే. ఈ రెండు పంక్తులూ దుకాణంలోనో, ఇంటర్నెట్‌లో నమూనా పేజీల్లోనో మూడు అనువాదాల్లో చదవండి. ఏది చదివితే గొంతు పట్టేస్తుందో అది కొనుక్కోండి. లాటిమోర్ అనువాదం మూలానికి పంక్తికి పంక్తి దగ్గరగా నడుస్తుంది, సంఖ్యలు సరిపోతాయి, చదవడానికి కాస్త బరువు. ఫేగల్స్‌ది వేగంగా పోతుంది, కానీ పంక్తుల సంఖ్యలు ఆయన సొంతం, మూలంతో కలవవు. ఎమిలీ విల్సన్ ఒడిస్సీ (2017) మూలంలో ఎన్ని పంక్తులుంటే అన్నే పంక్తుల్లో, తేలిక మాటల్లో ఉంటుంది. ఒడిస్సీకి కొత్తవాళ్లు దానితో మొదలుపెడితే సుఖం.

ఉచితంగా దొరికే నూరేళ్ల నాటి అనువాదాలతో జాగ్రత్త. శామ్యూల్ బట్లర్ వచనానువాదం హాయిగానే సాగుతుంది, కానీ దేవుళ్లకూ, ఒకరిద్దరు వీరులకూ రోమన్ పేర్లు పెట్టాడు. ఎథీనా అక్కడ మినర్వా, జ్యూస్ జోవ్, ఒడిసియస్ యులిసిస్. ఒక పుస్తకంలో ఎథీనా గురించి చదివి బట్లర్‌లో వెతికితే దొరకదు. ఇంకా తమాషా ఏమిటంటే, గ్రీకు, లాటిన్ మూలం ఒక పక్క, ఇంగ్లీషు ఇంకో పక్క వేసే లోబ్ గ్రంథమాలలో (గ్రీకువి ఆకుపచ్చ అట్ట, లాటిన్‌వి ఎర్ర అట్ట) 1919 నాటి రోమన్ కవి మార్షియల్ సంపుటం ఉంది. బూతు అనిపించిన పద్యాలను అందులో ఇంగ్లీషుకు బదులు ఇటాలియన్‌లోకి అనువదించి పెట్టారు. ఇంగ్లీషు పుస్తకంలో ఉన్నట్టుండి ఇటాలియన్ ఎదురైతే అచ్చు తప్పనుకోకండి, అక్కడేదో ఉందన్నమాట.

సంఖ్యల విషయం రెండు మాటల్లో. ప్రాచీన గ్రంథాలకు పేజీ సంఖ్యతో పని లేదు. భాగం, ఖండిక, అంతే. గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ 3.102 అంటే ఏ భాషలో ఏ ముద్రణ తీసినా మూడో భాగం 102వ ఖండికలో బంగారం తవ్వే భారతదేశపు చీమలే కనబడతాయి. ప్లేటోకు 514ఎ వంటి గుర్తులు ఉంటాయి, అవి 1578లో స్తెఫానస్ అచ్చువేసిన పుస్తకపు పేజీలు. ప్లినీకి పాత అధ్యాయ సంఖ్యలు, కొత్త ఖండిక సంఖ్యలు రెండూ చెలామణిలో ఉన్నాయి, కాబట్టి 6.67 అన్నది పాత అనువాదంలో ఆ సంఖ్య దగ్గర దొరక్కపోతే కంగారు పడొద్దు, "అందరే" అన్న పేరుతో వెతకండి. మన భారతానికీ ఇదే తిప్పలు. 1966లో పూర్తయిన పూణె భండార్కర్ సంస్థ సంశోధిత ముద్రణలో శ్లోక సంఖ్యలు వేరు, బజారులో దొరికే గీతా ప్రెస్ ముద్రణలో వేరు. వినాయకుడు వ్యాసుడికి లేఖకుడైన కథ గీతా ప్రెస్‌లో ఆదిపర్వంలోనే ఉంటుంది, పూణె ముద్రణలో అనుబంధంలోకి పోయింది. సంఖ్య లేకుండా "సోక్రటీస్ చెప్పెను" అని వాట్సాప్‌లో వచ్చేదాన్ని పక్కన పెట్టేయడానికి కూడా ఈ అలవాటు పనికొస్తుంది.

తేదీల్లో పడే తప్పు మరొకటుంది. క్రీ.పూ. నుంచి క్రీ.శ.లోకి లెక్కపెట్టేటప్పుడు సున్నా సంవత్సరం లేదు కాబట్టి ఒకటి తగ్గించాలి. క్రీ.పూ. 300 నుంచి క్రీ.శ. 77కు 376 ఏళ్లు, 377 కాదు. అంటే మెగస్తనీసుకూ ప్లినీకీ మధ్య ఉన్నది, ఇంచుమించు గోల్కొండ ఏలిన అబ్దుల్లా కుతుబ్‌షా రోజులకూ మనకూ ఉన్నంత దూరం. సైన్యాల లెక్కలకొస్తే హెరొడోటస్ 7.60 చదవండి. పర్షియా రాజు జెర్క్సీస్ కాల్బలాన్ని లెక్కపెట్టిన తీరు అక్కడ ఉంది. పదివేల మందిని ఒకచోట కిక్కిరిసేలా నిలబెట్టి చుట్టూ గీత గీశారు. వాళ్లను పంపించి, గీత మీద బొడ్డెత్తు గోడ కట్టి, మిగతా సైన్యాన్ని తడవ తడవకూ అందులో నింపి తీశారు. తేలింది పదిహేడు లక్షలు. 7.186కి వచ్చేసరికి సేవకులతో సహా 52,83,220. పద్ధతి వింటే నమ్మబుద్ధేస్తుంది, మొత్తం చూస్తే నవ్వొస్తుంది. అంతమందికి గోధుమలు ఎన్ని కావాలో కూడా ఆయనే లెక్కకట్టి ఆశ్చర్యపోతాడు, అది వేరే సంగతి.

చివరిగా మన గోదావరి ఒడ్డున పుట్టిన పుస్తకం. శాతవాహన రాజు హాలుడి పేరున ఉన్న గాథాసప్తశతి అనే చిన్న పద్యాల సంకలనం, మహారాష్ట్రీ ప్రాకృతంలో. పేరుకు ఏడు వందలు. జర్మన్ పండితుడు వెబర్ పందొమ్మిదో శతాబ్దంలో దొరికిన ప్రతులన్నీ కూడబెట్టి లెక్కపెడితే అన్నీ కలిపి 964 గాథలు తేలాయి. అన్ని పాఠాల్లోనూ ఉమ్మడిగా ఉన్నవి 430 చిల్లర. శాతవాహన రాజు ఒకేసారి కూర్చి ముగించిన పుస్తకంలా ఇది ప్రవర్తించదు. చేతులు మారినప్పుడల్లా కొన్ని వచ్చి చేరాయి, కొన్ని జారాయి. కాబట్టి ఏదో ఒక గాథలోని ఒక మాట పట్టుకుని "క్రీ.శ. ఒకటో శతాబ్దంలో మనవాళ్లు ఇలా ఉండేవారు" అని రాసేముందు, ఆ గాథ ఉమ్మడి 430లో ఉందా అని చూడాలి. "అత్త" లాంటి తెలుగు మాటలు అందులో ఉన్నాయని మురిసిపోయే వ్యాసాల్లో ఈ పని చేసినవి అరుదు.

సంఖ్యలు ఇక్కడా రెండు రకాలు. వెబర్ వరసగా లెక్కపెడతాడు. మన ముద్రణలు శతకం, గాథ అని విడదీస్తాయి. వెబర్ 175 అంటే రెండో శతకం 75. ఆ గాథే తీసుకుందాం, అలంకారశాస్త్రం చదివినవాళ్లకు చిరపరిచితమే. "భమ ధమ్మిఅ వీసత్థో, సో సుణఓ అజ్జ మారిఓ దేణ." బయటికి చదివి మాత్రలు లెక్కపెట్టండి. మొదటి ముక్క 12, రెండోది 18, చివరి లఘువును గురువుగా లెక్కేసుకుంటే. రెండో సగం 27తో గాథ నిండుతుంది. లెక్క తప్పిందంటే ప్రతిలో అచ్చు తప్పయినా ఉండాలి, మీరు ఒత్తు మింగైనా ఉండాలి. ఛందస్సు ఇలా తప్పులు పట్టే కొలబద్దగా పనికొస్తుంది.

అర్థం చూస్తే, "అయ్యా ధార్మికుడా, నిశ్చింతగా తిరుగు. ఆ కుక్కను ఇవాళ గోదావరి ఒడ్డు పొదల్లో ఉండే మదించిన సింహం చంపేసింది." ఇంతే. ఇంతే చదివి పేజీ తిప్పేస్తే గాథ చేజారినట్టే. చెప్పేదెవరు, వినేదెవరు అన్నది గాథలో ఉండదు, దాన్ని వ్యాఖ్యాత చెబుతాడు. ఆమె తన ప్రియుణ్ని కలుసుకునే పొద అది. ఈ పెద్దమనిషి పూలు కోయడానికి రోజూ అక్కడికి తగలడుతున్నాడు. కుక్కంటేనే భయపడే మనిషికి, కుక్క పోయింది, దాని బదులు సింహం వచ్చింది, హాయిగా తిరుగు అని చెబుతోంది. మాటతో రమ్మంటూ లోపలి అర్థంతో పొమ్మంటోంది. ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకంలో ధ్వనికి, అంటే పైకి అనకుండా స్ఫురింపజేసే అర్థానికి, ఉదాహరణగా దీన్నే ఎత్తుకున్నాడు.

కాబట్టి గాథలకు ప్రాకృత మూలం, సంస్కృత ఛాయ (మాటకు మాట సంస్కృతంలో పెట్టినది), వ్యాఖ్య మూడూ ఉన్న ప్రతి కావాలి. ఉత్త అనువాదం సరిపోదు. రోజుకు ఐదు మించొద్దు. ముందు మూలం బయటికి, తర్వాత ఛాయ, ఆ తర్వాత పుస్తకం మూసి ఎవరు ఎవరితో అంటున్నారో ఒక ఊహ కాగితం మీద రాసి, అప్పుడు వ్యాఖ్య తెరవడం. వ్యాఖ్యాత కొన్నిచోట్ల అతి చేస్తాడు, మామూలు పల్లెటూరి వాన గాథలో కూడా రహస్య సంకేతం వెతుకుతాడు. మీ ఊహే బాగుందనిపిస్తే దాన్నే ఉంచుకోండి. తెలుగు పద్యాల్లో కావాలంటే రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారి గాథాసప్తశతీ సారము ఉంది. సారము అన్నారు కాబట్టి ఏరిన గాథలే, ఏడు వందలూ వెతక్కండి.

అంతకంటే చాలా ముందు శ్రీనాథుడు చేసిన తెలుగు ఒకటి ఉండేది. "నూనూగు మీసాల నూత్న యౌవనమున శాలివాహన సప్తశతి నొడివితి" అని కాశీఖండంలో తనే చెప్పుకున్నాడు. ఆ పుస్తకమూ మెగస్తనీసు ఇండికా పోయిన దారినే పోయింది. దానిదని చెప్పే ఒకటి రెండు పద్యాలూ, ఈ సీసపాదమూ మిగిలాయి.